గంప దించిన చోట సున్న

మొదటి దించుడు దగ్గర గంప దించి చూసేసరికి పెట్టె సున్న చూపిస్తోంది.

కొంగుతో తుడిచాను. ఎండు నెత్తళ్ల చేపపొట్టు అంటుకుందేమో అనుకున్నాను. తుడిచినా సున్నే.

ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కనే మా పేట. అక్కణ్ణించి నౌపడ దాకా ఉప్పుమడుల గట్టు మీద దారి తాడు లాగినట్టు ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ దారిన నెత్తి మీద చేపల గంపతో నడుస్తున్నాను. దారిలో ఆరుసార్లు దించుతాను. మెడ ఇక చాలన్నప్పుడు దించడమే తప్ప దానికి వేరే లెక్క లేదు. గంప బరువు ఎప్పుడూ ఒకటే కనక మెడ కూడా ఎప్పుడూ అదే చోట చాలంటుంది. మొదటి దించుడు మూడు తాటిచెట్ల దగ్గర. ఆరోది నౌపడ స్టేషను గేటు. ఆటోవాళ్లు మొత్తం ఏడు కిలోమీటర్లంటారు. అంటే ఒక్కో దించుడు కిలోమీటరు పైన కొంచెం.

పెట్టె చేసే పని ఒక్కటే. మన మొగ ఎంత దూరంలో ఉంది, ఏ దిక్కున ఉంది, అంకెల్లో చెబుతుంది. మూడు తాటిచెట్ల దగ్గర అది కిలోమీటరు పైన చూపించాలి. సున్న అంటోంది, అంటే నువ్వు మొగలోనే ఉన్నావంటోంది.

అలాంటిదే రెండో పెట్టె నా కొడుకు భాస్కర్ ఎక్కే పడవలో బిగించి ఉంది. రెండు నెలల చేపల వేట నిషేధం రాత్రితో అయిపోయింది. ఆ మధ్యాహ్నం పోటుకి మా పేట పడవలు అయిదూ సముద్రంలోకి దిగాలి. భాస్కర్ పడవ ముందు, మిగతా నాలుగూ దాని వెనక. వచ్చేటప్పుడు వాన తెర పడి ఒడ్డు కనిపించకపోతే పెట్టె చెప్పిన చోట తిరగాలని వాళ్లలో వాళ్లు ఒప్పుకున్నారు. అలా ఒప్పించినదాన్ని నేనే.

గంప ఎత్తుకుని పెట్టెను చేతిలోనే పట్టుకుని నడిచాను. సున్న. ఇంకో వంద అడుగులు. సున్న. ఉప్పు కుప్పల దగ్గర ఒక అడుగు వేశాను, అంకె మారింది. రెండు, చుక్క, రెండు. ఒక్క అడుగులో రెండు కిలోమీటర్ల పైన.

అక్కడే వెనక్కి తిరిగిపోవలసింది. కానీ సగం చూసి చెబితే ఎవరూ నమ్మరు. రెండో దించుడు దాకా నడిచాను. అక్కడా రెండు చుక్క రెండే. మూడో దించుడు దగ్గర మూడు చుక్క ఆరు. నాలుగో దగ్గర నాలుగు చుక్క ఏడు. దూరం పోయేకొద్దీ పెట్టె అంకె నిజం దూరానికి దగ్గరవుతోంది. మొగకి దగ్గరైతే అబద్ధం చెబుతోంది.

మూడేళ్ల కిందట, మాఘమాసపు మంచులో, నా మొగుడు నూకయ్య ఎక్కిన పడవ మొగ వచ్చేసిందనుకుని కిలోమీటరు ముందే ఉత్తరానికి తిరిగింది. అక్కడ నీటి కింద రాతితిప్ప ఉంది. నలుగురిలో ఇద్దరు ఈదుకొచ్చారు. నూకయ్య రాలేదు. ఇప్పుడు ఈ పెట్టె కూడా సరిగ్గా అక్కడే తిరగమని చెబుతుంది.

ఫోను చేశాను. పెట్టె చేసిన అరుణశ్రీ ఎత్తలేదు. నౌపడ నుంచి వస్తున్న ఆటోని ఆపి, గంపతో సహా వెనక్కి వచ్చాను.

అరుణశ్రీ నా అన్న కూతురు. విజయనగరంలో ఇంజనీరింగు చదివింది. మూడేళ్లుగా మా ఇంట్లోనే ఉంటోంది. నాకు అక్షరాలూ అంకెలూ నేర్పింది కూడా అదే. ఏదో బస్సుల కంపెనీ పీకి పారేసిన పెట్టెలు రెండు తూకానికి కొనుక్కొచ్చి వీటిని చేసింది. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటోంది.

"అప్పుడే అమ్మేసినావా అత్తా?"

"అమ్మలేదు. నీ పెట్టె అబద్ధమాడతన్నాది."

విన్నదంతా విని నవ్వింది. "గంప దించుడు కూడా ఓ కొలతేనేటే? ముసలిదానివైపోనావు, ఎక్కడో ముందే దించేసుంటావు."

"ముందే దించితే మాత్రం సున్న ఎలగవుతాదే? నాను గడప దాటకుండా దించినానా?"

"కోటబొమ్మాళిలో రైలు దిగి సూసినాను. ఇరవై ఒకటి. కరెక్టుగా ఉన్నాది. శ్రీకూర్మం ఎల్లినప్పుడూ సూసినాను, అదీ కరెక్టే. ఇంట్లో సున్న. అదీ కరెక్టే కదా!"

"ఇంట్లో సున్నా నిజమే, కోటబొమ్మాళీ నిజమే. మజ్జిలో ఒకసారైనా నడిసినావా?"

అది తినడం ఆపింది. నిషేధంలో పడవ దిగకూడదు కనక సముద్రం మీద చూడలేదు. ఎప్పుడు బయటికి వెళ్లినా ఆటో ఎక్కి, తర్వాత రైలెక్కి, దిగాకనే పెట్టె చూసేది. పేటకీ నౌపడకీ మధ్య నెత్తిన బరువుతో నడిచేవాళ్లం మేమే.

చెయ్యి కడుక్కుని భాస్కర్ బండి మీద తాటిచెట్ల దాకా వెళ్లి వచ్చింది. వచ్చి పెట్టె నా చేతిలో పెట్టింది. బండి నడిపిన భాస్కర్ వెనకే వచ్చాడు.

"ఏటే?" అన్నాను.

"తప్పు పెట్టెది కాదత్తా. నాది."

దాని మాటల్లో నాకు అర్థమైనంత రాస్తాను. పెట్టెలో ఉన్న చిన్న మెదడుకి పూర్తి అంకెలే తెలుసు, ఒకటిలో సగం, పాతిక తెలియవు. ల్యాప్‌టాపులో రాసిన ప్రోగ్రాముని పెట్టె భాషలోకి మార్చడానికి ఒక పనిముట్ల వరస ఉండాలి. దాన్ని టూల్‌చెయిన్ అంటుంది. దొరికే టూల్‌చెయిన్‌లన్నీ మెదడుకి సగాలు తెలుసనుకుని మార్చేస్తాయి. అలా మార్చింది పెట్టెలో వేస్తే మొదటి సగం లెక్క దగ్గరే పెట్టె చచ్చిపోయింది. అందుకని సగాల్ని పూర్తి అంకెలతోనే లెక్క కట్టించే టూల్‌చెయిన్‌ని తనే మొదటినుంచీ తయారుచేసింది.

ఈ సంగతి చెప్పిన రోజునే నేనన్నాను, అది మేము చేసే పనేనని. చేపల్ని పాలు, అంటే వాటాలు, వేసేటప్పుడు మాకు సగం రాయడం రాదు. వలకొక పాలు, పడవకొక పాలు, మనిషికొక పాలు, చచ్చినవాడి పెళ్లానికి అరపాలు. అందుకని పూర్తి పాలుకి రెండు చింతపిక్కలు పెడతాం, అరపాలుకి ఒకటి. సగం అన్నమాటే రాకుండా సగం తెగిపోతుంది.

"అయితే పిక్కలు తక్కువేసినావా?" అని అడిగాను.

అది నా మొహం కేసి చూసింది. "అదే అత్తా. పెట్టెలో సోటు తక్కువ. ప్రతి లెక్కకీ సగం పిక్కలే వాడమని టూల్‌చెయిన్ కట్టినప్పుడే సెప్పేసినాను. పెద్ద దూరానికి అవి సాలతాయి. సిన్న దూరానికి సాలవు, సున్న అయిపోతాది."

నాకు తెలుసు. నూకయ్య పోయిన ఏడాది ఒకసారి పిక్కలు చాలక పాలుకొకటే పెట్టారు. నా అరపాలుకి పెట్టడానికి ఏమీ లేకపోయింది. ఆ రోజు ఖాళీ గంపతో ఇంటికొచ్చాను.

భాస్కర్ అడిగాడు. "ఇప్పుడేటి సేస్తావు?"

"దూరం లెక్క ఒక్కటీ ఇంకో దారిలో తిప్పి రాస్తే పది నిమిషాల్లో అయిపోతాది బావా."

"మరి రాసేయ్."

అరుణశ్రీ తల అడ్డంగా ఊపింది. "దూరం అత్త మెడకి దొరికింది. దిక్కు లెక్క కూడా ఆ పిక్కలతోనే కట్టినాను. అదెక్కడ తప్పుతాదో ఎవరి మెడకి దొరుకుతాది? టూల్‌చెయిన్ అంతా పూర్తి పిక్కలతో మళ్లీ కట్టాల, పెట్టెలో సోటు ఎలాగోలా సరిపెడతాను."

"ఎంతసేపు?"

"మొన్న ఏడు గంటలు. అక్కర్లేనివి తీసేస్తే అయిదున్నర."

అప్పటికి పది దాటింది. పోటు నాలుగున్నరకి. పైగా లైను పనని చెప్పి తొమ్మిదికే కరెంటు తీసేశారు. ల్యాప్‌టాపు బ్యాటరీ గంట కంటే ఆగదు.

"పడవ బ్యాటరీ ఉన్నాది కదా," అన్నాడు భాస్కర్. "పీకి తెచ్చేస్తాను."

పడవ దగ్గరికి వెళ్లేసరికి తండేలు అప్పలసూరి అడ్డం నిలబడ్డాడు. పడవ నడిపేవాణ్ణి మేము తండేలు అంటాం. నా ఆడపడుచు మొగుడు, నాకు అన్నయ్య వరస. మూడేళ్ల కిందట మంచులో పడవ తిప్పిందీ అతనే, ఈదుకొచ్చిన ఇద్దరిలో ఒకడూ అతనే.

"బొట్టెట్టిన పడవ మీంచి పుల్ల కూడా దించకూడదని తెలీదేట్రా నీకు? తెల్లారి గంగమ్మకి కోడిని కోసినాం. ఏటాడి ఒచ్చిందాకా బ్యాటరీ దిగదు."

"మావా, పెట్టె తప్పు సెప్తన్నాది."

"మొన్న కరెక్టన్నారు, నేడు తప్పంటన్నారు. రేపేటంటారు?"

నేను దూరంగా నిలబడ్డాను. పడవ దిగే రోజున నాలా మొగుడు పోయినవాళ్లం దాని నీడ తొక్కం. అక్కణ్ణించే గట్టిగా అన్నాను. "అన్నయ్యా, తిప్ప దగ్గర తిరగమంటాది ఆ పెట్టె. మొగకి కిలోమీటరున్నర ముందు నుంచీ నువ్వు మొగలోనే ఉన్నావంటాది."

అప్పలసూరి నా కేసి చూడలేదు. పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఎవులు సూసినారు?" అన్నాడు.

"నా మెడ సూసింది."

అతనికి అంతకంటే చెప్పనక్కర్లేదు. అతని తల్లీ గంప మోసింది.

"అయినా దిగదు," అన్నాడు. గొంతు తగ్గింది. "ఆచారం ఆచారమే."

"దింపొద్దు," అంది అరుణశ్రీ. "దింపకూడదన్నారు గానీ ఎక్కించకూడదని ఎవులైనా అన్నారేటి? నానే ఎక్కుతాను."

"ఆడకూతురు పడవెక్కడమేటే!"

"గంగమ్మ ఆడది కాదేటి?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. అప్పలసూరి నవ్వలేదు గాని పక్కకి జరిగాడు.

అలా ఇసక మీద ఉన్న పడవలో టూల్‌చెయిన్ కట్టడం మొదలైంది. పది నలభై. ఇంజను పక్కన బ్యాటరీ, దానికి అరుణశ్రీ దగ్గరున్న ఇన్వర్టరు, దానికి ల్యాప్‌టాపు. పైన నల్ల టార్పాలిన్. జూన్ ఎండకి కింద పొయ్యిలా ఉంది. ల్యాప్‌టాపు వేడెక్కి తనే నెమ్మదైపోతోందని భాస్కర్ తాటాకు విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు.

"పెళ్లికాక ముందే సేవలేట్రా?" అని పక్క పడవవాళ్లు అరిచారు.

"మీకూ విసరాలా, లైన్లో రండి," అని వాడూ అరిచాడు. కానీ చెయ్యి ఆపలేదు.

నేను ఒడ్డున పడవ నీడ పడనంత దూరంలో గొడుగు వేసుక్కూర్చున్నాను. అరుణశ్రీ మెట్టు మెట్టుకీ నాకు కేకేసి చెప్పేది. ముందు ముక్కలు అతికించే చిన్న పనిముట్లు. అవి అరగంటలో అయ్యాయి. తర్వాత సగం కంపైలర్, ప్రోగ్రాముని పెట్టె భాషలోకి మార్చేది అదే. పూర్తి కంపైలర్ కావాలంటే లెక్కలుండే లైబ్రరీ కావాలి, లైబ్రరీ తయారవాలంటే కంపైలర్ కావాలి. అందుకని కొంచెమే పనొచ్చే కంపైలర్‌ని ముందు చేసి, దానితో లైబ్రరీ చేసి, ఆ లైబ్రరీతో పూర్తి కంపైలర్ చెయ్యాలి. మధ్యలో ఒకటి తప్పితే ముందుకి పోదు. అన్నిట్లోనూ పిక్కలు పూర్తిగా వెయ్యమని మళ్లీ చెప్పింది. ఆ చెప్పిన వరసని కాగితం మీద రాసి, రెండుసార్లు పైకి చదివి నాకు వినిపించింది. నాకు అర్థం కాదని దానికి తెలుసు. పైకి చదివితే తప్పు దొరుకుతుందని నేనే ఒకప్పుడు దానికి చెప్పాను.

ఒంటి గంటకి సగం కంపైలర్ అయింది. లైబ్రరీ మొదలైంది.

రెండున్నరకి అరుణశ్రీ అరుపు వినబడింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆగిపోనాది! సోటు లేదంట!"

"పెట్టెలోనా?"

"కాదు, ల్యాప్‌టాపులో. నిండిపోనాది." లోపల వెతుకుతున్నట్టుంది. ఇంకో అరుపు. "బావా! ఈ సినిమాలేటివి? నలభై రెండు సినిమాలెట్టినావా నా దాన్లో?"

"నిషేధంలో ఏటి సెయ్యమంటావు మరి?" అన్నాడు వాడు.

"తీసేస్తన్నాను."

"ఆ ఒక్కటీ..."

"నోర్ముయ్."

తీసేసింది. ఆగిన చోటి నుంచే మళ్లీ నడిచింది. కానీ ఇరవై నిమిషాలు పోయాయి.

మూడింటికి పడమట మబ్బు లేచింది. మూడున్నరకి మొదటి పడవని తోశారు, అది ఏట్లో నిలబడి మా పడవ కోసం చూస్తోంది. నాలుగింటికి రెండోది. అప్పలసూరి ఒకసారి నీళ్లకేసి, ఒకసారి టార్పాలిన్‌కేసి చూస్తున్నాడు. పోటు దాటితే మొగలో నీరు తగ్గి పడవ అడుగు తగులుతుంది. తర్వాతి పోటు తెల్లారి గాని రాదు. రెండు నెలలుగా అందరి ఇళ్లలోనూ పొయ్యి సగమే వెలుగుతోంది. ఆగమని ఎవరూ అనలేరు.

"పెట్టె ఆపేసి ఎల్లిపోదుం," అన్నాడు.

ఆ మాట నేనూ అనుకుంటూనే ఉన్నాను. తప్పు పెట్టె కంటే పెట్టె లేకపోవడం నయం. కానీ పెట్టె లేకపోవడం ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు.

నాలుగూ ఇరవైకి అరుణశ్రీ టార్పాలిన్ ఎత్తి బయటికొచ్చింది. చెమటకి జాకెట్టు ఒంటికి అతుక్కుపోయి ఉంది. "అయింది," అంది. కేక కాదు, మామూలుగా. ప్రోగ్రాముని కొత్త కంపైలర్‌తో మార్చి, ముందు పడవ పెట్టెలోకి, తర్వాత నా పెట్టెలోకి తీగ పెట్టి ఎక్కించింది. రెండూ సున్న చూపించాయి. పొద్దునా సున్నే చూపించాయి కదా.

తాటిచెట్ల దాకా నడిస్తే తప్ప తెలియదు.

"ఎల్లొచ్చేదాకా ఆగుతావా అన్నయ్యా?" అన్నాను.

అప్పలసూరి నీళ్లకేసి చూశాడు. "బండి మీద ఎల్లి రాండి."

"బండి మీద ఎలితే ఎక్కడ దిగాలో నాకు తెలీదు."

"మూడు తాటిచెట్ల దగ్గరే కదా?"

"తాటిచెట్ల దగ్గరేనని నా కళ్లు సెప్తన్నాయి. నిన్నటిదాకా పెట్టె కూడా కరెక్టేనని కళ్లతోనే సూసినారు అందరూ. నాకు బరువు కావాల."

ఎండు చేపలు పొద్దున్నే ఇంట్లో దించేశాను. గంప తెప్పించి తడి ఇసక పోయించాను. చాలదన్నాను. ఇంకో రెండు దోసిళ్లు పోశారు. భాస్కర్ ఎత్తి నెత్తి మీద పెట్టబోయి ఆగాడు. "అమ్మా, ఇది మొయ్యగలవా?"

"మెడ మోస్తాది. ఎత్తు."

అరుణశ్రీ నా వెంట వచ్చింది. పెట్టె దాని చేతిలో. నేను అంకె చూడనన్నాను, చూస్తే నా మెడ ఆ అంకెకి లొంగిపోతుందేమో. మొగ నుంచి గట్టెక్కాం. వెనక ఇంజను ఆడుతున్న చప్పుడు, ఆగి ఉన్న పడవది. అది కాస్త పెరిగినప్పుడల్లా వెళ్లిపోతున్నారేమో అనిపించేది. వెనక్కి తిరగలేదు. గంపతో తిరగకూడదు, నడక లెక్క పోతుంది. తడి ఇసక నీళ్లు చెవుల మీదుగా కారుతున్నాయి. చుట్టూ ఉప్పుమడులు మబ్బు రంగులో ఉన్నాయి. పక్కన అరుణశ్రీ ఊపిరి వినబడుతోంది. ఒకచోట అది ఆగబోయింది, నేను ఆగలేదు.

మెడ చాలంది. దించాను. తలెత్తి చూస్తే మూడు తాటిచెట్లు.

"సెప్పు," అన్నాను.

అది పెట్టె నా ముందు పెట్టింది. ఒకటి, చుక్క, రెండు.

"మజ్జిలో?"

"సున్న చుక్క ఒకటి నుంచి ఒక్కొక్కటే ఎక్కిందత్తా. ఒక్కటి కూడా దాటలేదు."

ఫోను చేశాను. మొదటి గంటకే ఎత్తాడు అప్పలసూరి.

"ఎంత?"

"ఒకటీ చుక్క రెండు."

"నీ మెడకి?"

"అంతే."

ఫోను పెట్టేశాడు. ఇంజను చప్పుడు గట్టిగా లేచి, నీళ్లలో పడి, మారింది. తాటిచెట్ల దగ్గర నుంచి మొగ కనిపించదు. ఆ చప్పుడు దక్షిణానికి వెళ్లి, తర్వాత తూర్పుకి మళ్లి, పలచబడేదాకా నిలబడ్డాం. అప్పుడు వాన మొదలైంది.

మర్నాడు సాయంత్రం పోటు వేళకి కూడా వాన తెర తొలగలేదు. ఒడ్డు నుంచి పది బారల అవతల ఏమీ లేదు. పేట ఆడవాళ్లందరం ఇసకలో నిలబడి ఉన్నాం. ఇంజను చప్పుడు వినిపించినప్పుడు అది తిప్ప వైపు నుంచి వస్తోంది. నా పక్కనున్న అరుణశ్రీ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. ఆ చప్పుడు తిరగకూడదు. ఇంకా తిరగకూడదు. తిరగలేదు. తిప్పని దాటింది, నేరుగా వచ్చింది, ఇంకా వచ్చింది. అప్పుడు ఉత్తరానికి తిరిగింది. తెరలోంచి ముక్కు బయటపడింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. అయిదూ లెక్కపెట్టాకే చెయ్యి వదిలాను.

అప్పలసూరి దిగి నేరుగా నా దగ్గరికొచ్చాడు. తడిసి ముద్దై ఉన్నాడు.

"తిప్ప దగ్గర నా సెయ్యి తిప్పేయమంది సెల్లెమ్మా," అన్నాడు. "అప్పుడూ అలగే అంది. పెట్టె ఒకటీ చుక్క ఒకటి అన్నాది. నా సెయ్యి నాను పట్టుకున్నాను."

చేపలు దింపుతున్నవాళ్ల మీద అరుస్తూ వెళ్లిపోయాడు.